టిక్కీ అడుగున చెయ్యి పెట్టేవాళ్లు

జర్మనీలో మసాలా దినుసులు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం అంటే ఇక్కడ అందరికీ గౌరవమే, గుంటూరులో మా బాబాయికి మాత్రం ఆయన పనే నేను తెల్లకోటు తొడుక్కుని చేస్తున్నానని గట్టి అనుమానం. ఆయనది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు.

యూరప్‌లో మన మిర్చికి పెద్ద టెన్షన్ అఫ్లాటాక్సిన్. కాయ సరిగా ఎండకపోతే పట్టే బూజు నుంచి వచ్చే విషం అది. కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఈ లెక్క బాబాయికి ఎలా చెప్పాలో తెలియక, 40 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) 25 వేలు పేరిస్తే మొత్తంలో 10 గ్రాములు, అంతే అన్నాను. "పది గ్రాములకి పాతికవేల టిక్కీలు వెనక్కి పంపుతార్రా? వాళ్లకేం పన్లేదా?"

అసలు తంటా ఏమిటంటే ఆ బూజు సరుకంతా సమానంగా ఉండదు, ఏదో మూల నాలుగు కాయలకి పట్టి మిగతాది శుభ్రంగా ఉంటుంది. అందుకే ఎంత ఖరీదైన మిషనున్నా శాంపిల్ సరిగా తీయకపోతే రిజల్టు దండగ. చాలాచోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి, పొడికొట్టి అప్పుడు పరీక్ష చేయాలి. దీనిమీద మా సీనియర్ మేడమ్ ఒక పూటంతా స్లైడ్లు వేసి గణాంకాలతో పాఠం చెబుతుంటే నాకు బాబాయే గుర్తొచ్చాడు. పైన నిగనిగలాడే కాయ వంక ఆయన కన్నెత్తి చూడడు. టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు లాగుతాడు, చెవి దగ్గర ఆడిస్తాడు, గింజ గలగలమనకపోతే తేమ ఉందన్నమాట, తాలు ఎంతుందో చూస్తాడు, ఒకటి విరిచి వాసన చూస్తాడు. మేము తేమ తేల్చడానికి ఓవెన్‌లో పెట్టి గంటలు కూర్చుంటాం. (అఫ్లాటాక్సిన్ మాత్రం ముక్కుకి దొరకదు, అక్కడ మా మిషనే గెలుస్తుంది.)

కారం సంగతి ఇంకా తమాషా. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకమే నాలుక మీద కారాన్నీ పసిగడుతుంది, ఇది కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. రోహిణి కార్తెలో మనవాళ్లకి మిరపకాయ దండగ ఖర్చని చెబితే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, గుంటూరులో అయితే ఎవరికీ చెప్పక్కర్లేదు.

కారం కొలవడానికి ఇప్పుడు మిషన్లున్నాయి కానీ 1912లో స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మనుషుల నాలుకల్నే వాడాడు. మిరప రసాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూపోవడం, రుచి చూసే ఐదుగురిలో ముగ్గురు ఇక కారం లేదనేదాకా. ఇది విని బాబాయి కాసేపు ఆలోచించాడు.

"ముగ్గురు ఒకే మాటన్నారా? ఆ ముగ్గురిదీ ఒకే కొట్టయ్యుంటుంది, కనుక్కో."