నాయనమ్మ పాట, కదలని గీత

మా నాయనమ్మకు దంపుళ్ల పాటలు పది పన్నెండు వచ్చు. ఇంట్లో ఆవిడ తర్వాత వాటిని పాడగలిగేవాళ్లు లేరు. ఈ సంక్రాంతికి మా దగ్గరకు వచ్చినప్పుడు అన్నీ రికార్డు చేయాలనుకున్నాను. పాట పాటకీ విడివిడిగా కోసి, వింటూ మాటలు రాసుకోవచ్చని ఫోన్ కాకుండా కంప్యూటరే పెట్టాను.

ఫోన్ ఇయర్‌ఫోన్స్‌ను సీపీయూ ముందున్న గులాబీ రంగు మైకు సాకెట్లో గుచ్చి, ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో ఎర్ర బటన్ నొక్కాను. నాయనమ్మ ఒక పాట మొత్తం పాడింది. తెర మీద మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత. పెద్దావిడ చేత ఊరికే పాడించానే అని ప్రాణం ఉసూరుమంది.

విండోస్ 10 సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో మైక్రోఫోన్ తెరిచాను. పై స్విచ్చులు ఆన్‌లోనే ఉన్నాయి. పేజీ అడుగున డెస్క్‌టాప్ యాప్స్‌కి వేరే స్విచ్ ఉంటుంది, ఆడాసిటీ దాని కిందికే వస్తుంది. అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసినా గీత కదల్లేదు. స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, సౌండ్స్‌లో రికార్డింగ్ ట్యాబ్ చూశాను. మైకు పక్కన పచ్చ టిక్కు ఉంది, కానీ చప్పట్లు కొట్టినా పక్కనున్న మీటరు లేవలేదు. సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, తీసి మళ్లీ వేశాను. గంట పోయింది.

అవే ఇయర్‌ఫోన్స్ ఫోన్‌కి పెడితే గొంతు శుభ్రంగా ఎక్కింది. అంటే మైకు బాగానే ఉంది. అప్పుడు పిన్నును లైటు కింద పెట్టి చూశాను. దాని మీద మూడు నల్ల గీతలు. పాత కంప్యూటర్ హెడ్‌సెట్ పిన్నుకి రెండే. ఫోన్ పిన్నులో మైకు తీగ కలిసేది పిన్ను మొదట్లో, వైరు వైపున్న అన్నిటికన్నా కింది భాగంలో. గులాబీ సాకెట్ మైకు కోసం పిన్ను కొనలో వెతుకుతుంది. ఇక ఏ సెట్టింగ్ మార్చి ఏం లాభం?

మర్నాడు సెల్ షాపులో స్ప్లిట్టర్ అడిగితే, ఒకే ఫోన్‌కి రెండు ఇయర్‌ఫోన్స్ తగిలించేది ఇచ్చాడు. అది పనికిరాదు. ఒకవైపు ఒక సాకెట్, రెండోవైపు రెండు పిన్నులు, వాటిలో ఒకదాని మీద మైకు బొమ్మ ఉండాలి. వెతికించి తెచ్చుకున్నాను. పెట్టగానే మీటరు లేచింది, గొంతు మాత్రం బాగా సన్నగా వచ్చింది. ఆ రికార్డింగ్ ట్యాబ్‌లోనే మైకు ప్రాపర్టీస్‌లో లెవెల్స్‌కి వెళ్లి మైక్రోఫోన్ బూస్ట్ 20 డెసిబెల్స్ పెడితే సరిపోయింది. 30 పెడితే బుస్సుమనే చప్పుడు. సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేశాను.

"మళ్లీ మొదటి నుంచేనా నాయనా?" అంది.

"అవును నాయనమ్మా, ఇంకొక్కసారి."

చీర కొంగు సర్దుకుని, ఆ చిన్న మైకును రెండు వేళ్లతో గడ్డం దగ్గర పట్టుకుంది. "సువ్వీ" అన్న ప్రతిసారీ తెర మీద గీత రోకలి లేచినట్టు లేచి పడింది. ఆ రాత్రికి ఏడు పాటలు ఎక్కించాం.