సీస పద్యానికి రివర్బ్: మూడో వారం

ఇంట్లో పాడి రికార్డు చేసుకున్న సీస పద్యానికి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రివర్బ్ (హాల్లో పాడినట్టు వినిపించే ప్రతిధ్వని) కుదర్చడం మొదలుపెట్టి ఇది మూడో వారం. రంగస్థల బాణీలో పాడే పద్యం కనుక రెండు అవసరాలు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి: మాట అక్షరమక్షరం తెలియాలి, పాదం చివర తీసే రాగం మాత్రం పెద్ద మండపంలో పాడినట్టు సాగాలి.

మొదటి వారం గొంతు ట్రాక్ మీదనే 'చర్చ్ హాల్' ప్రీసెట్ (ముందే అమర్చి ఉంచిన సెట్టింగ్) వేశాను. రాగం నిండుగా వచ్చింది గానీ, 'క్ష', 'ష్ట' వంటి సంయుక్తాక్షరాల దగ్గర బుస లేచి పక్క అక్షరాన్ని మింగేసింది. పద్యం ముందే తెలిసినవారికి తప్ప యతి ఎక్కడ పడిందో అంతుపట్టదు.

రెండో వారం ట్రాక్‌ను డూప్లికేట్ చేసి, అసలు గొంతును ముట్టుకోకుండా, నకలుకు మాత్రం 'వెట్ ఓన్లీ' (ప్రతిధ్వనిని మాత్రమే మిగిల్చే ఎంపిక) టిక్ పెట్టి రివర్బ్ ఇచ్చాను. రూమ్ సైజ్ (ఊహించుకునే గది పరిమాణం) 60, రివర్బరెన్స్ (ప్రతిధ్వని ఎంతసేపు సాగాలో) 45, డ్యాంపింగ్ 80 దగ్గర నా గొంతుకు సరిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ప్రీ-డిలే. మాట పలికిన తర్వాత ప్రతిధ్వని మొదలవడానికి పట్టే ఆ వ్యవధిని 10 మిల్లీసెకండ్ల నుంచి 40కి పెంచగానే, హల్లు ముందు విడిగా వినబడి, దాని వెనక గుంజనం వచ్చింది. డ్యాంపింగ్ పెంచినందువల్ల ప్రతిధ్వనిలోని పై స్థాయి శబ్దాలు త్వరగా ఆరిపోయి బుస తగ్గింది. నకలులో 200 హెర్ట్జ్ కింది భాగాన్ని హై-పాస్ ఫిల్టర్‌తో తీసేశాక మందమైన రొద కూడా పోయింది.

ఫ్యాను హోరును నాయిస్ రిడక్షన్‌తో రివర్బ్‌కు ముందే తగ్గించాలి. తర్వాతయితే ఆ హోరు కూడా ప్రతిధ్వనిలో కలిసిపోయి ఉంటుంది. నా చివరి రాగం తోక కత్తిరించినట్టు ఆగిపోతే కారణం వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది: ఎంచుకున్న భాగం ముగిసే చోటే ప్రతిధ్వని కూడా ఆగుతుంది కనుక, ముందుగా చివర 4 సెకండ్ల నిశ్శబ్దం చేర్చుకోవాలి.

ఈ వారం, ట్రాక్ శబ్దాన్ని చోటును బట్టి పెంచి తగ్గించే ఎన్వలప్ టూల్‌తో నకలు ట్రాక్‌ను మాటలున్నంత సేపూ బాగా తగ్గించి, పాదాంతంలో రాగం అందుకునే చోట మెల్లగా పైకి లేపుతున్నాను. మొదటి రెండు పాదాలు హెడ్‌ఫోన్లలోనూ ఫోను స్పీకరులోనూ శుభ్రంగా వినిపిస్తున్నాయి. మూడో పాదంలో రాగం మాట మధ్యలోంచే ఎత్తుకోవడం వల్ల ఎక్కడ లేపాలో ఇంకా తేలలేదు. సీసం చివర వచ్చే ఎత్తుగీతి ముట్టుకోనేలేదు.