అమ్మను ఐదో అంతస్తు నుంచి దించడం

మాది కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఇరవై ఫ్లాట్లు, ఒకటే మెట్లదారి, ఒకటే లిఫ్ట్. అమ్మకు 72 ఏళ్లు. మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వాకర్ పట్టుకుని బాత్‌రూమ్ దాకా నడుస్తుంది. మెట్లు మాత్రం దిగలేదు.

పోయిన వేసవిలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక, కింద మెట్ల పక్కనున్న మీటర్ బోర్డు అంటుకుంది. మంట పెద్దదేం కాదు, వాచ్‌మన్ ఇసుక పోసి కాసేపట్లోనే ఆర్పేశాడు. కానీ వైర్లు కాలిన నల్లపొగ మెట్లదారిలోంచి పైకి తన్నుకొచ్చింది. కరెంటు పోయి లిఫ్ట్ ఆగిపోయింది. నేనూ మా ఆయనా అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకున్నాం. నాలుగో అంతస్తు మలుపులో ఎవరిదో షూ ర్యాక్, దాని పక్కన పిల్లల సైకిల్. కుర్చీ తిరగలేదు. కంగారులో మా ఆయన అమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని లాగాడు. అమ్మ పెట్టిన కేక నాకింకా వినిపిస్తూనే ఉంది. పడిపోయిన చేతిని లాగితే భుజం కీలు జారుతుందని ఫిజియోథెరపిస్ట్ ముందే చెప్పారు. ఆ చీకట్లో అది ఎవరికి గుర్తుంటుంది? దగ్గుకుంటూ మళ్లీ పైకే వెళ్లి తలుపేసుకున్నాం.

తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే తెలిసింది, ఆ రాత్రి అసలు తలుపు తీసి బయటికి రావడమే తప్పని. మంట కింద, మేము పైన, మధ్యలో ఉన్న ఒకే దారి నిండా పొగ. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఇలాగే కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు అంటుకుంటే, పై ఫ్లాట్లలో ఉన్నవాళ్లు కనీసం తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ ఇంట్లో 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా లోపలికీ బయటికీ ఉన్నది ఇరుకు దారే. ఈ వార్తలు వచ్చినప్పుడు అయ్యో అనుకుని ఊరుకున్నాను. మా మెట్లు ఒకసారి చూసుకోవాలని తట్టలేదు.

18 మీటర్ల లోపు నివాస భవనాలకు తెలంగాణలో ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, అక్కర్లేదు. అంటే మాలాంటి అపార్ట్‌మెంట్‌లో ఎవరు దిగగలరు, ఎవరు దిగలేరు అని వచ్చి అడిగేవాళ్లు లేరు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న కాలిపోయి 72 మంది చనిపోయారు. ఆ టవర్‌లోని వికలాంగుల్లో 37 మందికి 15 మంది ప్రాణాలతో బయటపడలేదు. లోపలే ఉండండి అని ఫైర్ సిబ్బంది ఇచ్చిన సలహాను అర్ధరాత్రి 2:47 దాకా మార్చలేదు. ఎత్తైన భవనాల్లో తమంతట తాము దిగలేనివాళ్లతో, వాళ్లు ఒప్పుకుంటే, కూర్చుని మాట్లాడి ప్లాన్ రాసిపెట్టాలని ఇంగ్లండ్‌లో 2025లో నిబంధనలు తెచ్చారు. అమలు 2026 ఏప్రిల్ 6 నుంచి. అది రావడానికి అన్నేళ్లు పట్టింది. మేం అన్నేళ్లు ఆగలేం కదా.

అసోసియేషన్ మీటింగులో అడిగాను, మన దగ్గర మెట్లు దిగలేనివాళ్లు ఎవరెవరని. అమ్మ ఒక్కతే అనుకున్నా. ఐదుగురు తేలారు. మూడో అంతస్తులో ఆక్సిజన్ మిషన్ మీదున్న ఆంటీ. ఆవిడ మంచం పక్కనే దేవుడి గూడు, దీపం. ఆ దీపాన్ని ఆ రోజే హాల్లోకి మార్పించాం. నాలుగో అంతస్తులో పెద్ద శబ్దం వింటే మంచం కిందికి దూరిపోయే బాబు. నెలలు నిండిన ఒక అమ్మాయి. రాత్రి చెవి మిషన్ తీసేసి పడుకునే రెండో అంతస్తు పెద్దాయన. ఆయన కొడుకు "మా నాన్నకేం, బాగానే ఉన్నారు" అంటుంటే, ఆయనే లేచి "లేదురా, నాకు కాలింగ్ బెల్ కూడా వినపడదు" అన్నారు. ఆ మాట పదిమందిలో చెప్పడం ఆయనకు ఎంత కష్టమో ఆ ముఖం చూస్తేనే తెలిసింది. ఇప్పుడు ఆయన ఇంటి తాళం ఒకటి ఎదురు ఫ్లాట్‌లో ఉంది. లిస్టు వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, గ్రూపులో పెట్టలేదు. ఎవరు మంచాన ఉన్నారన్నది ఊరందరికీ తెలియాల్సిన పని లేదు.

అమ్మను ఎలా మొయ్యాలో అమ్మే నేర్పింది. మెట్ల మీద రిహార్సల్ చేసినప్పుడు ఎదురింటి కుర్రాళ్లిద్దరికీ చెప్పింది: "ముందు ఈ చెయ్యి నా ఒళ్లో పెట్టి చున్నీతో కట్టండి నాయనా. చంకలో చెయ్యి వెయ్యొద్దు. కుర్చీ వెనక్కి వంచండి, నాకు మెట్లు కనిపించాలి." కుర్చీ వీపు వైపు ఒకరు, ముందు కాళ్ల దగ్గర ఒకరు. చేతుల్లేని గట్టి కుర్చీ అయితే మలుపులో తిరుగుతోంది. మొదటిసారి 11 నిమిషాలు పట్టింది, రెండోసారి ఆరు. షూ ర్యాకులు తీయించడానికి మాత్రం నెల పట్టింది, ఒక ఇంటివాళ్లు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

మెట్లలో పొగ ఉంటే దిగం. రోడ్డు వైపు గదిలోకి వెళ్లి, మధ్యలో తలుపులన్నీ మూసి, తలుపు కింద సందులో తడి తువ్వాళ్లు కుక్కి, 101కి ఫోన్ చేసి "ఐదో అంతస్తు, నడవలేని మనిషి ఉంది, రోడ్డు వైపు బాల్కనీ" అని చెప్పాలి. ఆ బాల్కనీ గ్రిల్‌కి దొంగల భయంతో తాళం వేశాం. తాళంచెవి బీరువాలో ఉండేది. ఇప్పుడు అమ్మ కుడిచేతికి అందేలా మేకుకి వేలాడుతోంది. మంట మా ఇంట్లోనే అయితే ఆగేది లేదు, కుర్చీ దొరక్కపోతే బొంత మీద పడుకోబెట్టి గుమ్మం దాకా లాగెయ్యడమే.

ఇక మిగిలింది సంక్రాంతి. ఆ వారం ఇరవై ఫ్లాట్లలో పదిహేను ఖాళీ అవుతాయి. ఆ కుర్రాళ్లిద్దరూ భీమవరం వెళ్లిపోతారు, వాచ్‌మన్ కూడా ఊరెళ్తాడు. ఆ వారం ఇక్కడే ఉండేదెవరో ముందే చెప్పమని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఇప్పటికి ఒక్కరు దొరికారు, ఒకటో అంతస్తులో కొత్తగా అద్దెకొచ్చిన అతను. ఆదివారం పైకి రమ్మన్నాను, అమ్మ నేర్పుతానంది.