మబ్బులో కువేలాప్

కువేలాప్ అనగానే చాలామంది 'మాచు పిచ్చూ పక్కనా?' అంటారు. కాదు. ఇంకా రాజుల కాలం నాటి కొండ నగరం మాచు పిచ్చూ పెరూలో దక్షిణాన ఉంది, ఇది ఎక్కడో ఉత్తరాన. 15వ శతాబ్దంలో ఇంకా సామ్రాజ్యం వాళ్లు వచ్చి గెలుచుకోవడానికి వందల ఏళ్ల ముందే చాచపోయా జనం కొండ నెత్తిన కట్టుకున్న ఊరు.

2019 జూన్‌లో నేనూ, నా స్నేహితుడూ వెళ్లాం. అమెరికా వీసా ఉండటంతో పెరూ వీసా గొడవ తప్పింది. దారి గొడవ మాత్రం తప్పలేదు. లీమా నుంచి హాయెన్‌కి విమానం, అక్కడి నుంచి ఉత్కుబంబ నది పక్కన మెలికలు తిరిగే రోడ్డు మీద నాలుగు గంటలు వ్యాన్. చాచపోయాస్ ఊళ్లో దిగేసరికి మావాడు మాట్లాడే స్థితిలో లేడు.

ఆ రాత్రే ఒక ఏజెంట్‌కి డబ్బు కట్టాం. అన్నీ కలిపే అన్నాడు. పొద్దున న్వేవో తింగోలో కేబుల్ కార్ కౌంటర్ దగ్గరికెళ్తే మా పేర్లే లేవు. నాకొచ్చిన స్పానిష్ 'గ్రాసియాస్' వరకే. ఫోన్ మీద ఫోన్ చేసి, గంట పోగొట్టుకుని, టికెట్లు మళ్లీ కొనుక్కున్నాం. మీరెళ్తే మాత్రం టికెట్ చేతిలో పడ్డాకే డబ్బివ్వండి.

కేబుల్ కార్ 2017లో వచ్చింది. నాలుగు కిలోమీటర్లు, ఇరవై నిమిషాలు. సగం దారిలో కింద లోయ మాయమైంది. అద్దం అవతల అంతా తెలుపే. పైన దిగాక ఇంకా నడవాలి. మూడు వేల మీటర్ల ఎత్తు కదా, పదడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాం.

ఇరవై మీటర్ల ఎత్తు, ఆరు వందల మీటర్ల పొడవు గోడ అని చదువుకుని వెళ్లాను. కనపడింది కింది నాలుగు వరసల రాళ్లు. ఆ పైన మబ్బు.

"ఒరేయ్, దీనికోసమా నాచేత సెలవు పెట్టించావ్?" అన్నాడు మావాడు.

లోపలికి వెళ్లే దారి మొదట్లో వెడల్పుగానే ఉంటుంది. పోనుపోను గోడలు దగ్గరకొచ్చి, చివరికి ఒక్క మనిషి పట్టేంత సందు మిగులుతుంది. శత్రువులు గుంపుగా దూరకుండా అలా కట్టారని మా గైడ్ చెప్పింది. రెండు పక్కలా చేతులు ఆనించి ఎక్కాను. సున్నపురాయి చల్లగా, నాచుతో మెత్తగా తగిలింది. నా బ్యాగు గోడకి రాసుకుంటుంటే వెనక నుంచి మావాడి రొప్పు వినపడుతోంది.

పైన నాలుగు వందలకు పైగా గుండ్రటి ఇళ్ల పునాదులున్నాయట. మేం మబ్బులో ఒక్కొక్కటే వెతుక్కున్నాం. ఒక ఇంట్లో గోడ వారగా సన్నటి రాతి కాలువ ఉంది. నీళ్లకేమో అనుకున్నాం. "కూయ్‌లని పెంచేవాళ్లు" అంది గైడ్. అంటే గినీ పందులు. ముందురాత్రి హోటల్ మెనూలో చూసింది వాటినే! మావాడు అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు ఆ కాలువనే చూశాడు. మళ్లీ సెలవు మాట ఎత్తలేదు.

చెట్ల కొమ్మల మీద అనాస మొక్కల్లాంటివి గుబురుగా పెరిగి, వాటి ఆకుల్లోంచి నీళ్లు టపటపా పడుతూనే ఉన్నాయి. మబ్బు మాత్రం కదల్లేదు. అలాగే దిగొచ్చేశాం.

2022 ఏప్రిల్‌లో వానలకి దక్షిణం వైపు గోడ కొంత కూలింది. మావాడే ఫొటో పంపి, "మనం ఎక్కింది ఇక్కడేనా?" అని అడిగాడు. ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను. ఆ గోడని నేను మొత్తంగా చూసిందెప్పుడని!