ఇనుము కింద బొంత

శనివారం, ట్యూక్స్‌బరీ

సెవర్న్, ఏవన్ నదులు కలిసే ఈ ఇంగ్లండ్ ఊళ్లో 1471 మే 4న రాజు నాలుగో ఎడ్వర్డ్ సైన్యం, సింహాసనం కోసం పోటీపడ్డ లాంకాస్టర్ పక్షాన్ని చిత్తు చేసింది. ఏటా జులైలో రెండు రోజులపాటు ఆ పోరు మళ్లీ ఆడి చూపిస్తారు. చూడ్డానికొచ్చే జనం కళ్లన్నీ కత్తుల మీదే. పొద్దున్నే గుడారాల మధ్య తిరిగితే మాత్రం కత్తి ఊసే తక్కువ. తాళ్లు, గుడ్డలు, నీళ్లు, ఇదే గోల.

పోరు ఆడేవాళ్లు ముందు తొడిగేది లినెన్ చొక్కా. దాని మీద పొరలు పొరలుగా కుట్టిన అంగీ. అచ్చం మన బొంతే. ఆ కాలపు ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ ఆజ్ఞల్లో ఇలాంటి అంగీకి 25 నుంచి 30 పొరల గుడ్డ, పైన జింక తోలు వెయ్యమని ఉంది. అదీ వాడి మెత్తబడిన గుడ్డయితేనే మేలట. మనవాళ్లు బొంతకి పాత చీరలే ఎందుకు తీస్తారో వేరే చెప్పాలా!

ఊలు లాగుని ఈ అంగీకే నాడాలతో చుట్టూ కడతారు. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. వెనక నాడాలు కూడా బిగించేస్తారు, గుడారం మేకు కొట్టడానికి వంగగానే పటుక్కుమని కుట్టు పోతుంది. పని చేసేటప్పుడు వెనకవి విప్పేసుకోవాలి.

ఇనుప రింగుల చొక్కా దాదాపు పది కిలోలు. ఒక్కో రింగులోంచి నాలుగు రింగులు పోయేలా అల్లుతారు. కొసలు ఊరికే ఆనించి వదిలిన రింగులు చంక దగ్గర తెరుచుకుంటాయి, చెయ్యి ఎత్తినప్పుడల్లా లాగుడంతా అక్కడే పడుతుంది కాబట్టి. రివెట్ కొట్టినవైతే నిలుస్తాయి. చొక్కా తొడిగాక కాస్త పైకి లాగి నడుముకి బెల్టు బిగిస్తే సగం బరువు తుంటి మీదికి దిగుతుంది. లేకపోతే గంటలో భుజాలు పడిపోతాయి. చెమట పట్టిన ఇనుముకి తెల్లారేసరికి తుప్పు. కుట్టుమిషన్ నూనె గుడ్డతో తుడిచి పడుకోవాల్సిందే.

కత్తులకి పదునుండదు, అంచు నాణెం అంచంత మందం. అయినా దెబ్బ దెబ్బకీ అంచు మీద ముళ్లు లేస్తాయి, చర్మం చీరేది అవే. ఒక ఆట అవగానే ఆకురాయి పెట్టి అరగదీయాలి. బాణాల మొనలకి రబ్బరు బుడిపెలు. విల్లు కూడా తేలికది, పైకెత్తి వేస్తే వేగం చచ్చి మెల్లగా రాలతాయి.

మధ్యాహ్నం పోరు నడుస్తుండగానే నీళ్లవాళ్లు వరసల మధ్య తిరుగుతూ తాగిస్తారు. హెల్మెట్ లోపల వేడికి దాహం తెలిసేలోపే తల తిరుగుతుంది. 1471లోనూ అంతే. లాంకాస్టర్ సైన్యం సెవర్న్ దాటదామని వస్తే గ్లాస్టర్ ఊరు తలుపులు మూసేసింది. ఎండలో ట్యూక్స్‌బరీ దాకా ఈడ్చుకుంటూ వచ్చిన ఆ సైన్యం మర్నాడు పోరాడాల్సి వచ్చింది.

ఆదివారం

రాత్రి వాన. జనపనార తాడు తడిస్తే కుంచించుకుపోతుంది, నైలాను తాడుకి ఈ గుణం లేదు. సాయంత్రమే కాస్త వదులు చేయని గుడారాలకి తెల్లారేసరికి మేకులు ఊడొచ్చాయి. లోపలినుంచి తడి గుడ్డని వేలితో తాకినా తంటాయే, తాకిన చోటే నీరు దిగి పరుపు మీద బొట్టు బొట్టుగా పడుతుంది. కొత్త కాన్వాస్‌నైతే ముందే ఇంటి దగ్గర ఒకసారి తడిపి ఆరబెట్టాలి. దారం ఉబ్బి కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి.

పొయ్యి దగ్గర మాత్రం ఊలుదే రాజ్యం. నిప్పురవ్వ పడితే కమిలి ఆగిపోతుంది. నైలాను జాకెట్టయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

సాయంత్రం తడి గుడారం అలాగే చుట్టి కారులో వేసుకున్నవాళ్లు చాలామంది. రేపు రాత్రిలోపు విప్పి గ్యారేజీలో దండెం మీద వేలాడదీయకపోతే నల్ల బూజు మచ్చలు పడతాయి, ఎంత ఉతికినా పోవు.