నోట్స్ పెట్టారు సరే, పుష్ చేశారా?

గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం)లో, చీమకుర్తి గ్రానైట్ పలకల చదరపుటడుగుల లెక్క సరిచేసిన కమిట్, అంటే నమోదైన మార్పు, ఒకటి ఉందనుకోండి. "ఒంగోలు యార్డు కొలతలతో సరిచూశాం" అని దానికి ఇప్పుడు రాసిపెట్టాలి. కమిట్ మెసేజీలోనే కలిపితే, ఆ కమిట్‌ను గుర్తించే కోడ్ అయిన హాష్ మారిపోతుంది. పాతదాన్ని అప్పటికే పుల్ చేసుకున్న (తమ కంప్యూటర్లోకి తెచ్చుకున్న) నెల్లూరు టీం వాళ్ల చరిత్రతో పొసగదు. కమిట్‌ను ముట్టుకోకుండా దానికి విడిగా రాత తగిలించే గిట్ నోట్స్ ఉన్నది ఇందుకే. 'గిట్ నోట్స్ యాడ్ -ఎమ్' కొట్టి, రాయాల్సిన మాట, కమిట్ హాష్ ఇస్తే చాలు. ముందే ఒక నోట్ ఉంటే, దాని కింద చేర్చే 'అపెండ్' వాడాలి. 'యాడ్'కి '-ఎఫ్' పెడితే పాతదాని చోట కొత్తది కూర్చుంటుంది.

ఆ రాత ఒక బ్లాబ్‌గా (గిట్ లోపల దాచే ఫైలు సమాచారం) మారి, కమిట్ తాలూకు 40 అక్షరాల హాషే పేరుగా ఒక ట్రీలో (ఫోల్డరు లాంటి జాబితా) చేరుతుంది. నోట్స్ సంఖ్య పెరిగితే గిట్ మొదటి 2 అక్షరాలను ఫోల్డరు చేసి, మిగతా 38ని పేరుగా ఉంచుతుంది. ఈ ట్రీకి 'రెఫ్స్/నోట్స్/కమిట్స్' కింద సొంత కమిట్ల వరస ఉంటుంది కాబట్టి, '-ఎఫ్'తో పోయిన రాతను అక్కడ వెతికి తీయొచ్చు. గిట్ లాంటి మరో సాధనం సబ్‌వర్షన్‌లో, ఒక మార్పుకు తగిలించే రివిజన్ ప్రాపర్టీకి ఆ వెసులుబాటు లేదు. మార్చితే పాతది గల్లంతే.

అసలు తంటా పంచుకోవడంలో ఉంది. మామూలు పుష్ (సర్వరుకి పంపడం), ఫెచ్ (అక్కడి నుంచి తెచ్చుకోవడం) ఈ రెఫ్‌ను, అంటే నోట్స్ వరసను చూపే ఈ పేరును, ముట్టుకోవు. ఒంగోలులో 'గిట్ పుష్ ఆరిజిన్ రెఫ్స్/నోట్స్/కమిట్స్' అని విడిగా కొట్టాలి. నెల్లూరులో చాలామంది కాన్ఫిగ్‌లో ముందు ప్లస్ గుర్తు పెట్టి 'రెఫ్స్/నోట్స్/*'ను నేరుగా తమ రెఫ్స్ మీదికే తెచ్చుకుంటారు. అది ప్రమాదం: ఇంకా పుష్ చేయని సొంత నోట్స్‌ను ఆ ఫెచ్ అడక్కుండానే తుడిచేస్తుంది. 'రెఫ్స్/నోట్స్/ఆరిజిన్/కమిట్స్' అనే వేరే పేరుకి తెచ్చుకుని, 'గిట్ నోట్స్ మెర్జ్'తో కలపడమే మేలు. ఒకే కమిట్‌కి ఇద్దరూ రాసి ఉంటే మెర్జ్ ఆగుతుంది. డాట్‌గిట్‌లోని 'నోట్స్_మెర్జ్_వర్క్‌ట్రీ'లో సరిదిద్ది 'మెర్జ్ --కమిట్' కొట్టాలి. టెస్ట్ ఫలితాల్లాంటి ఒంటి వరస రాతలకైతే 'క్యాట్_సార్ట్_యూనిక్' స్ట్రాటజీ హాయి, గొడవే ఉండదు.

అన్నీ చేసినా నోట్ కనబడకపోతే, 'గిట్ లాగ్'కి ఇచ్చే 'వన్‌లైన్' తీసేసి చూడండి. గిట్‌హబ్ పేజీలో మాత్రం వెతక్కండి, అక్కడ 2014 నుంచి చూపించడం మానేశారు.

కమిట్లను తిరగరాసే రీబేస్, అమెండ్ చేసేవాళ్లు 'నోట్స్.రీరైట్‌రెఫ్'కు 'రెఫ్స్/నోట్స్/కమిట్స్' అని విలువ ఇచ్చి ఉంచుకోవాలి. లేకపోతే నోట్ పాత హాష్ దగ్గరే మిగిలిపోతుంది. ఒక కమిట్‌ను వేరేచోటికి కాపీ చేసే చెర్రీ-పిక్‌కి, సర్వరులో బటన్ నొక్కి పలు కమిట్లను ఒకటిగా కలిపే స్క్వాష్‌కి ఈ సెట్టింగ్ పనిచేయదు. వాటికి 'గిట్ నోట్స్ కాపీ' చేత్తో చేసుకోవాల్సిందే.