వైజాగ్ వదిలి ఆరేళ్లు

2019 జూన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారాక నాంపల్లిలో దిగాను. చేతిలో రెండు బ్యాగులు, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా.

"హైదరాబాద్ వెళ్లి మంచి పనే చేశావా అక్కా?" అని నిన్న తమ్ముడు అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఉద్యోగం వరకు అయితే అవును. నాన్న ఆపరేషన్‌కి ఎవరి దగ్గరా అప్పు చేయకుండా డబ్బు కట్టగలిగాను. ఆ ఒక్కదానికైనా వచ్చినందుకు సంతోషమే. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో నిలబడి వెళ్లడమూ అలవాటైపోయింది.

కానీ సాయంత్రం ఆరయితే ఆర్కే బీచ్ గాలి గుర్తొస్తుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎంతసేపు కూర్చున్నా ఆ ఉప్పు వాసన రాదు కదా! ఈ ఆరేళ్లూ నాన్నతో మాటలన్నీ ఫోన్‌లోనే గడిచిపోయాయి. ఆ బాధ మాత్రం పోవడం లేదు.

దసరాకి టికెట్ తీశాను. ఈసారి పది రోజులు ఉంటాను.